అంచు మీద పగులు

రక్తం కంట్లోకి దిగుతున్నా చిన్నకొడుకు చెయ్యెత్తి తుడుచుకోలేదు.

"ఆపేశారేం నాన్నా? ఇంకో కన్ను ఉందిగా," అన్నాడు.

నాణేలు పేర్చుకునే చెక్క ట్రే పెద్దాయన చేతిలో ఇంకా పైకెత్తే ఉంది. దాని మూల తగిలి కొడుకు ఎడమ కనుబొమ్మ చీలింది. కొట్టే ముందు ఆయన ట్రేలోని ఎనిమిది నాణేలనూ ఒక్కొక్కటే తీసి పనిబల్ల మీద పరిచిన గుడ్డ మీద పెట్టాడు. ఎనిమిదోది పెట్టేదాకా కోపం ఓపిక పట్టింది. ఆ తర్వాతే చెయ్యి లేచింది.

చిన్నకోడలు ఒక్కతే అది గమనించింది. తువ్వాలు మడిచి భర్త కనుబొమ్మకి అదిమింది. అతను తల విదిలించాడు.

"వదులు. కారనీ."

"కారితే నేల పాడవుతుంది. తుడవాల్సింది నేనే," అంది ఆమె, మళ్ళీ అదిమి.

పెద్దాయన ట్రే దించాడు. ఊపిరి అందడం లేదు. "కాగితం రాసేశాను. దొంగ నాణెం చేసింది నా రెండో కొడుకని రాశాను. పదకొండున్నరకి సంఘం కార్యదర్శి వస్తాడు. ఆయన ముందే సంతకం పెట్టి ఇస్తాను. సాయంత్రంలోగా నువ్వీ షెడ్డు ఖాళీ చెయ్యి. ఇల్లు కూడా."

"నేను చెయ్యలేదు నాన్నా."

"నువ్వు కాక ఈ ఇంట్లో ఉలి పట్టేవాడెవడురా? మీ అమ్మా?"

షెడ్డు గుమ్మంలో నిలబడ్డ అత్తగారు పెదవి విరిచింది. "నన్నెందుకు లాగుతారు? నేను పట్టేది గరిటె. దాంతో సింహాలు రావు."

ఎవరూ నవ్వలేదు. ఆవిడ కూడా నవ్వలేదు.

గుమ్మానికి అవతల, ఇస్త్రీ చొక్కా నలగకుండా గోడకి కాస్త ఎడంగా నిలబడ్డాడు పెద్దకొడుకు. పళ్ళ డాక్టరు. ఈ రోజు క్లినిక్ తెరవలేదు. ఫోను చూసుకుంటున్నాడు కానీ దాని తెర ఎప్పుడో ఆరిపోయింది.

ఆదివారం నుంచీ ఇల్లు ఇలాగే ఉంది.

పెద్దాయనకి ప్రాణమైన నాణెం ఒకటుంది. అకాంథస్ అనే పాత గ్రీకు పట్టణంలో, దాదాపు రెండు వేల అయిదు వందల ఏళ్ళ కిందట, సుత్తితో కొట్టి ముద్ర వేసిన వెండి నాణెం. ఒక పక్క ఎద్దు వీపు మీదికి దూకి పళ్ళు దింపిన సింహం. రెండో పక్క నాలుగు గదులుగా చీలిన పల్లపు చదరం. పద్దెనిమిదేళ్ళుగా ఆయన దాన్ని ఇంటి గేటు దాటనివ్వలేదు. బయటివాళ్ళు చూసింది ఆయన అచ్చువేయించిన చిన్న పుస్తకంలో ఫోటో మాత్రమే.

ఆదివారం నాణేల సంఘంలో ఓ కొత్త సభ్యుడు ఎక్కడో కొన్నానంటూ ఒక నాణెం తీసి బల్ల మీద పెట్టాడు. అదే సింహం. అదే ఎద్దు. పుస్తకంలో ఫోటో పక్కన పెట్టి చూస్తే, ఎద్దు తోకకి పైన అంచు మీద గోటిగీతలాంటి పగులు కూడా అదే చోట, అంతే పొడవు. అందరూ కళ్ళజోళ్ళు సర్దుకున్నారు. భూతద్దం పెట్టి చూసింది మాత్రం పెద్దాయన ఒక్కడే. చూసి, ఒక్క మాటైనా అనకుండా పెద్దకొడుకు కారెక్కి ఇంటికొచ్చేశాడు.

ఇల్లు దాటని నాణేనికి నకలు పుట్టిందంటే అది ఇంట్లోనే పుట్టి ఉండాలి. సంఘం అడిగింది ఒక్కటే: ఎవరు? చెప్పకపోతే పోలీసులకి చెబుతామన్నారు. ఇంటి వెనక షెడ్డులో బడిపిల్లల పతకాలకీ, యూనిఫారం బొత్తాలకీ ముద్ర కొట్టే ఉక్కు డైలు చెక్కేవాడు చిన్నకొడుకు. ఆ సంఘంలో సగం మంది అతనికి పనిచ్చేవాళ్ళే. ఆ కాగితం వాళ్ళ చేతికి వెళ్ళిన రోజు నుంచి ఈ ఊళ్ళో అతని చేతికి ఎవరూ వెండి అప్పగించరు.

"ఒక్కటే చేశాడని ఏమిటి నమ్మకం?" అన్నాడు పెద్దకొడుకు ఉన్నట్టుండి. "అసలుది ఎప్పుడో లేపేసి, ట్రేలో కూడా తన సరుకే పెట్టాడేమో!"

"నువ్వు నోరుముయ్యి," అన్నాడు పెద్దాయన. చాలా తొందరగా అన్నాడు.

కానీ ఆ మాట తగలాల్సిన చోట తగిలేసింది.

చిన్నకొడుకు స్టూలు మీంచి లేచాడు. పనిబల్ల దగ్గరికి వెళ్ళి, గుడ్డ మీది ఎనిమిదింటిలోంచి ఆ నాణెం తీసుకుని, బల్ల అంచుకి బిగించి ఉన్న వైస్ ఇనప దవడల మధ్య నిలబెట్టి హ్యాండిల్ తిప్పి బిగించాడు.

"నాన్నా, చిన్నప్పుడు దీన్ని చూపించి కథ చెప్పేవారు. పర్షియా రాజు సైన్యం ఆ దేశం మీదుగా నడిచిందనీ, కొండల్లోంచి సింహాలు దిగొచ్చి మనుషుల్ని వదిలేసి ఒంటెల మీద పడ్డాయనీ. మరి ఒంటె బదులు ఎద్దు ఎందుకుంది, ఎద్దేం తప్పు చేసిందని అడిగాను. ఏమన్నారో గుర్తుందా?"

"దాన్ని తియ్యి."

"తప్పుతో పనేముందిరా, బొమ్మ నిలబడాలంటే ఎవరో ఒకరు కింద ఉండాలి అన్నారు." అతను ఉలి తీసుకున్నాడు. "ఇంకోటి కూడా చెప్పారు. ఆ కాలంలో బజార్లో నాణెం మీద అనుమానం వస్తే ఉలి పెట్టి ఒక్క గాటు పెట్టేవాళ్ళని. లోపల రాగి కనిపిస్తే దొంగది. వెండైతే మంచిది."

"అది వర్తకుల మొరటుతనంరా! ఇప్పటి దొంగ వెండితోనే చేస్తాడు. కోస్తే ఏమీ తెలియదు. తియ్యరా, నీకు దణ్ణం పెడతా!"

"కాగితం చింపుతారా?"

పెద్దాయన రెండు చేతులూ జోడించే ఉన్నాయి. నోరు మాత్రం తెరుచుకోలేదు.

చిన్నకోడలు భర్త ముఖం చూసింది. కోసే ఉద్దేశం అతనికి లేదు. పైపైన చిన్న గాటు పెట్టి, తండ్రికి చూపించి, ఆ రెండు చేతుల్లోనే పెట్టేయాలని ఉంది. ఆ దెబ్బ ఆమెకి తెలుసు. రోజుకి వందసార్లు వింటుంది. గోటితో బల్ల తట్టినంత మెల్లగా.

అలాగే కొట్టాడు.

పతకాల వెండి మైనంలా లొంగుతుంది. అతని చేతికి తెలిసిన వెండి అదొక్కటే. ఈ వెండి లొంగలేదు. ఎండుకొమ్మ విరిగినట్టు చిటుక్కుమంది. సగం వైస్‌లో నిలిచింది, సగం ఎగిరి నేల మీద పడి దొర్లింది.



పెద్దాయన మోకాళ్ళ మీద కూలబడి ఆ సగాన్ని అరచేతిలోకి తీసుకున్నాడు. విరిగిన చోట పంచదార పలుకుల్లా గరుకుగా, తెల్లగా మెరుస్తోంది.

"మట్టిలో వేల ఏళ్ళు పడున్న వెండే ఇలా పెళుసెక్కుతుంది," అన్నాడు, ఎవరికో పాఠం చెబుతున్నట్టు. "కొత్త వెండికి ఇది రాదు. ఎవడూ తెప్పించలేడు." తలెత్తాడు. "ఇది అసలుదేరా."

"నాకు తెలియలేదు నాన్నా... ఇలా విరుగుతుందని నాకు..."

పెద్దాయన లేచిన వేగం ఆ వయసుకి ఉండాల్సింది కాదు. బల్ల మీది సుత్తి ఆయన చేతికి ఎలా వచ్చిందో ఎవరూ చూడలేదు. మొదటి దెబ్బ గాలిలో పోయింది. రెండోది చిన్నకొడుకు అడ్డం పెట్టిన ఎడమ ముంజేతి మీద పడింది. నాణెం విరిగినప్పుడు వచ్చిన చప్పుడు కంటే ఈ చప్పుడు మందంగా ఉంది.

అతను అరవలేదు. పళ్ళు బిగించి, చేతిని పొట్టకి హత్తుకుని వంగిపోయాడు.

"చంపేస్తారా ఏమిటి!" అత్తగారు గుమ్మం పట్టుకుని కేక పెట్టింది.

మూడో దెబ్బకి సుత్తి లేచేసరికి చిన్నకోడలు దాని పిడి రెండు చేతులా పట్టుకుంది. ఇద్దరూ పెనుగులాడారు. ఆమె చేతి గాజు పగిలి మణికట్టులో దిగింది. అయినా వదల్లేదు. చివరికి మావగారి వేళ్ళే జారాయి.

ఆమె సుత్తిని మూలకి విసిరింది. వంగి, ఆయన చేతిలోంచి జారిపడిన సగం ముక్క తీసింది. ఎద్దు వెనక భాగం. తోక. దాని పైన అంచు మీద ఆ పగులు చెక్కుచెదరకుండా అలాగే ఉంది.

దాన్ని చూస్తూ ఉండిపోయింది. మణికట్టు నుంచి రక్తం మోచేతి దాకా పాకింది.

"మావయ్యగారూ, ఈ పగులు ఎలా వస్తుంది?"

"ఇప్పుడా నీకు పాఠాలు!"

"అయిదేళ్ళ నుంచి మీ నాణేల వ్యాసాలు మీరు చెబుతుంటే రాసేది నేనే కదండీ. పగులు చెక్కేవాడి పని కాదన్నారు. వెండి బిళ్ళ మీద సుత్తి పడ్డప్పుడు అంచు చిట్లుతుందన్నారు. ఏ రెండు దెబ్బలూ ఒకటి కావు, అందుకని ఏ రెండు పగుళ్ళూ ఒకటి కావన్నారు. నాతో రాయించారు."

పెద్దాయన చూపు గుమ్మం వైపు పోయి వచ్చింది.

"మరి మీ అబ్బాయి సింహాన్ని చూసి డై చెక్కి, దాంతో నాణెం కొడితే, ఆ నాణెం ఎక్కడో ఇంకో చోట పగలాలి. లేదా అసలు పగలకూడదు. అదే చోట, అంతే పొడవు పగులు రావాలంటే ఇదే నాణేన్ని గుజ్జులో నొక్కి మూస తీసి, అందులో వెండి పోయాలి." ఆమె గొంతు ఇప్పటిదాకా పెరగలేదు. ఇప్పుడూ పెరగలేదు. "ఈ ఇంట్లో ఉలి పట్టేది ఈయన. పళ్ళ సెట్లకి గుజ్జు పెట్టి మూసలు తీసేదెవరు బావగారూ?"

పెద్దకొడుకు ఫోను జేబులో పెట్టుకోబోయాడు. జేబు దొరకలేదు.

"ఏం మాట్లాడుతున్నావమ్మా? నువ్వు... నేను..."

"ఒరేయ్," అంది అత్తగారు. ఆవిడ గొంతులో ఇందాకటి వెటకారం లేదు. "నా మొహం చూసి చెప్పు."

అతను తల్లి మొహం చూడలేకపోయాడు. నేల చూస్తూ చెప్పాడు. "దొంగతనానికి చేశానా నేను? నాన్న దాన్ని గేటు దాటనివ్వరు. ఉపన్యాసాలకి వెళ్తే ఫోటో పట్టుకుని నిలబడతారు. చేత్తో పట్టుకుని చూపించడానికి ఒకటుంటే సంతోషిస్తారని, ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు మూస తీశాను. పన్ను తొడుగులు పోతపోసేవాడి దగ్గరే పోయించాను. ఆయనకి ఇచ్చేలోపే క్లినిక్ సొరుగులోంచి ఎవడో కొట్టేశాడు. నాలుగు నెలలైంది. చెప్పడానికి భయమేసింది. అంతే."

"అంతే!" అన్నాడు చిన్నకొడుకు. వంగిన నడుము నిటారైంది. "నా కన్ను చీలింది. చెయ్యి విరిగింది. నీకు భయమేసింది, అంతే!"

"ఆదివారం కార్లో అంతా చెప్పేశానురా! నాన్నకి చెప్పేశాను!"

ఆ మాట నోట్లోంచి వచ్చాక గానీ దాని బరువు అతనికి తెలియలేదు.

చిన్నకొడుకు మెల్లగా తండ్రి వైపు తిరిగాడు.

"మీకు ఆదివారమే తెలుసా?"

"కార్లో చెప్పేదాకా ఎందుకు?" అంది చిన్నకోడలు. "భూతద్దంలో చూడగానే తెలిసుంటుంది. పోతపోసిన వెండి మీద సన్నటి బుడగల గుంటలుంటాయని రాయించింది కూడా ఆయనే."

పెద్దాయన స్టూలు మీద కూర్చున్నాడు. చిన్నకొడుకు రక్తం చుక్కలు ఆ స్టూలు మీద ఇంకా తడిగానే ఉన్నాయి. చూసుకోలేదు.

"వాడి దగ్గరికి జనం నోరు తెరిచి కూర్చుంటారు," అన్నాడు. "నమ్మకం ఉంటేనే తెరుస్తారు. వీడు నకిలీ చేశాడని ఒక్క మాట బయటికి పోతే ఆ కుర్చీలో మళ్ళీ ఎవడు కూర్చుంటాడు? ఇద్దరు పిల్లలు వాడికి. నీ పని అలా కాదు. బొత్తం ఎవడు చెక్కాడని ఎవడూ అడగడు. వేరే ఊరు పోయినా బతుకుతావు."

"లెక్క బాగానే వేశారు."

"ఎవరో ఒకరు పోవాలి కదరా."

చిన్నకొడుకు అంత నెమ్మదిగా ఉండటం చిన్నకోడలు పెళ్ళయ్యాక ఎన్నడూ చూడలేదు. ఏదైనా అనమని, తిట్టమని, కనీసం ఏడవమని అడగాలనిపించింది.

తండ్రి మొహం చూడలేక కాబోలు, పెద్దకొడుకు పనిబల్ల దగ్గరికి నడిచాడు. "కనీసం దీన్నయినా... అతికించే మార్గం ఉంటుంది నాన్నా," అంటూ వైస్ హ్యాండిల్ అర చుట్టు వదులు చేసి, దవడల మధ్య నిలిచిపోయిన సింహం ముక్కని తీయడానికి కుడిచేతి రెండు వేళ్ళు లోపలికి పెట్టాడు.

చిన్నకొడుకు కుడిచెయ్యి హ్యాండిల్ మీద పడింది. ఒక్క తిప్పు.

పెద్దకొడుకు పెట్టిన కేక ఆ షెడ్డు రేకులకి తగిలి తిరిగొచ్చింది. విరిగిన వెండి అంచు ఒక పక్క, ఉక్కు దవడ ఒక పక్క. వేళ్ళ మధ్య నుంచి ఎర్రగా కారి బల్ల మీది గుడ్డని తడిపింది. మిగిలిన ఏడు నాణేలూ ఆ తడిలో మునిగాయి.

"వదలరా! వదలరా, చచ్చిపోతాను! ఈ చెయ్యి లేకపోతే నేను..."

"తెలుసన్నయ్యా. అందుకే కుడిచెయ్యి." అతను ఇంకో పావు చుట్టు తిప్పాడు. "నాన్నా. కాగితం, కలం మీ జేబులోనే ఉన్నాయిగా. తియ్యండి. పాతది చింపండి. జరిగింది జరిగినట్టు రాయండి."

"నీ అన్నరా వాడు!"

"ఇందాక సుత్తి ఎత్తినప్పుడు నేనెవర్ని?"

పెద్దాయన చేతులు జేబుల్లో తడుముకున్నాయి. మడతపెట్టిన కాగితం తీసి రెండుగా, నాలుగుగా చింపాడు. ఇంకో తెల్లకాగితం మోకాలి మీద పెట్టుకున్నాడు. కలం మూత కింద పడింది.

"త్వరగా రాయండి నాన్నా," పెద్దకొడుకు ఏడుస్తున్నాడు. "ఏదో ఒకటి రాయండి!"

ఇంటి ముందు కారు ఆగిన చప్పుడైంది. తలుపు వేసిన చప్పుడు. తర్వాత గంట.

అత్తగారు ఒకసారి వైస్ వైపు, ఒకసారి భర్త మోకాలి మీది కాగితం వైపు చూసింది. గబగబా లోపలికి నడిచింది. కాసేపట్లో హాల్లోంచి ఆవిడ గొంతు ఎప్పటిలాగే, మరీ ఎప్పటిలాగే వినిపించింది. "రండి, కూర్చోండి కార్యదర్శిగారూ. ఆ అరుపా? వెనక షెడ్డులో పని నడుస్తోంది లెండి. వస్తారు, వచ్చేస్తారు."

చిన్నకోడలు గోడకి ఆనుకుని నిలబడి ఉంది. బావగారి వేళ్ళు నీలంగా మారడం చూస్తోంది. భర్త చెయ్యి పట్టుకుని ఆపొచ్చు. నాలుగడుగుల దూరం. సుత్తిని పట్టుకున్న చేతులకి హ్యాండిల్ పట్టుకోవడం కష్టం కాదు. ఇంతవరకూ తను ఒక్కసారి కూడా 'వదలండి' అనలేదని ఆమెకి అప్పుడు తెలిసింది.

తెలిశాక కూడా అనలేదు.

"అయింది," అన్నాడు పెద్దాయన. సంతకం పెట్టి కాగితం ముందుకి చాపాడు. కొడుక్కి కాదు, కోడలికి.

ఆమె అందుకుంది. మూడే వాక్యాలు. వంకర టింకరగా ఉన్నా స్పష్టంగానే ఉన్నాయి.

'ఈ నకలు నాణెం తయారు చేయించినది నేనే. ఈ విషయం నా ఇద్దరు కొడుకులకూ తెలియదు. సంఘం నాపై ఏ చర్య తీసుకున్నా నాకు సమ్మతమే.'

ఆమె రెండోసారి చదివింది. అందులో భర్త లేడు. అతని మీద మచ్చ లేదు. షెడ్డు ఖాళీ చేయనక్కర్లేదు, ఊరు విడవనక్కర్లేదు. మూడు రోజులుగా ఆమె కోరుకున్నదంతా ఆ మూడు వాక్యాల్లో ఉంది. నిజం ఒక్కటి తప్ప.

తలెత్తి మావగారిని చూసింది. ఆయన బతిమాలడం లేదు. కళ్ళు దించుకోలేదు కూడా. సుత్తెత్తిన మనిషి ఆయనే, ఇప్పుడు ఇలా రాసిన మనిషీ ఆయనే. పెద్దకొడుకు కోసం ముందు చిన్నవాణ్ణి ఇవ్వబోయాడు, వాడు చెల్లకపోతే తనని తాను ఇచ్చేశాడు. ఏం చేసినా ఆ ఒక్క పేరు మాత్రం కాగితం మీదికి రానివ్వడు.

"ఏం రాశారు?" అన్నాడు భర్త. రక్తం గడ్డకట్టి అతని ఎడమకన్ను మూసుకుపోయింది. కుడిచెయ్యి హ్యాండిల్ మీంచి కదల్లేదు. "అన్నయ్య పేరు రాశారా?"

పెద్దకొడుకు వెక్కుతూ మరదలి వైపు చూశాడు.

"ఏమండీ, అయిపోయింది. మీ మీద ఏమీ లేదు. ముందు వదలండి," అంది ఆమె.

"నా మీద ఏముందని అడగలేదు. అన్నయ్య పేరుందా అని అడిగాను. చదువు."

హాల్లో కుర్చీ జరిగిన చప్పుడైంది. "వెనకేగా ఉన్నారు, నేనే వెళ్ళి పలకరిస్తానండీ," అంటున్నాడు కార్యదర్శి. బూటు అడుగులు వంటింటి నడవ దాటుతున్నాయి.

"చదవమన్నానా!"

హ్యాండిల్ కదిలింది. బావగారి నోటి నుంచి ఈసారి కేక రాలేదు, గాలి మాత్రమే వచ్చింది.

ఆమె కాగితాన్ని రెండు చేతులా పట్టుకుంది. మణికట్టు రక్తం దాని అంచుకి అంటింది.

"'ఈ నకలు నాణెం తయారు చేయించినది...'" అని మొదలుపెట్టింది, తర్వాతి మాట ఏది చదవాలో తేల్చుకోకుండానే.